మా రేవు జూసొచ్చిన మేడమ్

దోహల నేను కంపెనీ టూరిస్టు బండి నడుపుత. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల రూము. పొద్దుగాల లేసి బండి తుడుసుకుంట, వెస్ట్ బే హోటళ్ల ముందట సవార్లను ఎక్కిచ్చుకుంట, ఎడారిలకు తీస్కవోత. ఇసుక మొదలైన కాడ ఆపి నాలుగు టైర్లల సగం గాలి ఇడుస్త, లేకుంటె బండి కూరుకపోతది. ఇగ దిబ్బ మీదికి ఎక్కిచ్చుడు, దింపుడు, లోపట కూసున్నోళ్లు ఒర్లుడు. ఆఖరికి సముద్రం ఇసుకలకు చొచ్చుకొచ్చిన చోట ఆపుత. ఆళ్లు ఫోటోలు దిగుతరు, నేను బండి నీడకు నిలవడ్త. పదకొండేండ్ల కింద వచ్చినప్పుడు కూలీలను సైటుకు తోలే కంపెనీ బస్సు నడిపిన. ఆ బస్సుల అందరు నిద్రపోతుండిరి, ఈ బండిల అందరు ఒర్లుతరు. నేను జేసే పని మాత్రం ఒక్కటే.

ఎడారి మంచిగుండదని నేననను. పొద్దుగూకే ముందు ఆ దిబ్బల రంగు జూస్తె ఎసొంటోడైనా నోరు తెరవాల్సిందే. కని గన్ని దిబ్బలెక్కి దిగి పోయినంక దొరికేది ఉప్పునీళ్లాయె. దోసిట్ల వట్టి తాగేటందుకు లేదు. మొదటిసారి అలవాటు కొద్ది మొఖం కడుక్కుంటె పెదవుల మీద వడ్డది, తూ అని ఉమ్మేసిన. ఇప్పటికి ఆ నీళ్లను జూస్తె నాకు కోపమే వస్తది. నీళ్లై ఉండి నీళ్ల పని చెయ్యకపోతె ఎట్ల?

మాది మంచిర్యాల దిక్కు, గంగ ఒడ్డు. మా ఊర్ల గోదారిని గోదారని ఎవ్వరనరు, గంగనే అంటరు. గంగకు వోయిన, గంగల తానం జేసిన, గంగొచ్చింది, గిట్లనే. మా బాపు ఈ ఒడ్డుకెల్లి ఆ ఒడ్డుకు పడవ నడిపేటోడు. మా ఇంటెనుకనే రేవు. రేవు ముందట నల్ల బండలు, మనిషెత్తు ఒక్కొక్కటి. ఇంకింత దూరంల గంగ నడుమ కుర్రు. కుర్రంటె నీళ్ల నడుమ మిగిలిన మెరక, ఆంధ్ర దిక్కు లంక అంటరట. ఎండకాలం కుర్రు మీద దోసకాయలు, పుచ్చకాయలు పెట్టేటోళ్లు. నేను ఈదుడు నేర్చింది ఆ బండల నడుమనే. ఇన్నేండ్లైనా కలల నీళ్లొస్తె గా నీళ్లే వస్తయి.

ఆఖరిసారి సెలవు మీద పోయొచ్చి నాలుగేండ్లాయె. నేనిటు తిరిగొచ్చిన ఏడాదికి మా ఆమె, మహిళా సంఘంల ఇంకో నలుగురు ఆడోళ్లు గలిసి ఒక పని షురూ జేసిన్రు. పట్నంకెల్లి వచ్చేటోళ్లకు గంగ జూపెట్టుడు. మా ఇంటి పక్కపొంటి రెండు గదులేసిన్రు. పొద్దుగాల పడవల కుర్రు దాకా తిప్పుతరు, చలికాలం పిట్టలు దిగే తావు జూపెడ్తరు, అడవి అంచుకున్న గోండు గూడేనికి తీస్కవోయి ఆళ్ల డోళ్లు, ఆళ్ల పాటలు ఇనిపిస్తరు, ఇంటికొచ్చినంక కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె, కొర్రమట్ట చాపల పులుసు వండి పెడ్తరు. మా బిడ్డ కరీంనగర్ల చదువుతది, పిల్లనే ఇంగ్లీషుల బోర్డు రాసిచ్చింది. ముందుగాల నేను నవ్విన. గంగను జూస్తందుకు టికెట్టు తీస్కోని ఎవడొస్తడే, గంగ ఏమన్న సినిమానా అన్న. మా ఆమె ఊకుంటదా? నువ్వు ఇసుక జూపెట్టి బతుకుతలేవా, నేను నీళ్లు జూపెట్టి బతుకుత అన్నది.

ఇగ ఆనాటి సంది మా ఫోను ముచ్చట్లే మారిపోయినయి. అంతకుముందు తిన్నవా, పన్నవా, బిడ్డ ఫోన్ జేసిందా, గంతే. ఇప్పుడు ఇద్దరిది ఒక్కటే డ్యూటీ అయిపాయె. వచ్చినోళ్లు గంగ కంటె ముందు బాత్రూము అడుగుతరు, అది సాఫుగుండాలె అని నేను జెప్పిన. ఏ ఎండల నిలవెడ్తె ఫోటోలు మంచిగొస్తయో జెప్పిన. ఆమె తిరిగి నాకు నేర్పింది గూడ ఉన్నది. నువ్వు ఆగకుంట వాగకు, జర సేపు ఆళ్లను ఉత్తగ జూడనియ్యి, అన్ని నువ్వే జెప్తె ఆళ్లకేం మిగులుతది అన్నది. ఒకనాడు గట్లనే దిబ్బ మీద ఇంజను బందువెట్టి నోరుమూసుకోని కూసున్న. బండిల ఉన్న ముసలి దొరసాని, అప్పటిదాకా సీటు గురించి, ఏసీ గురించి గునుసుకుంట వచ్చిన మనిషి, కండ్లు తుడుసుకున్నది. మా ఆమెకు జెప్పితె, జూసినవా మరి అన్నది. ఆ మాటల ఎంత గర్వమో. ఆ గడియ ఆమె పక్కన లేకపోతినే అని నా పానం కొట్టుకున్నది.

పడవ నడిపేటందుకే మనిషి కరువు. పక్కూరాయన ఒకనాడు వస్తడు, ఒకనాడు రాడు. రాని నాడు మా ఆమెనే తెడ్డు వడ్తది. నువ్వొచ్చెయ్యరాదు అని మొదట్ల మస్తుసార్లు అన్నది. పడవ నీ రక్తంల ఉన్నది, ఆడ ఆ ఇసుకల ఏం జేస్తున్నవ్ అన్నది. ఈ కాంట్రాక్టు అయిపోనియ్యి అన్న. అయిపాయె. మల్ల రెండేండ్లకు సంతకం వెట్టిన. నడుమ సెలవు దొరికేది ఉండె. కంపెనీకి అది సీజను, అడిగితె మేనేజర్ మొఖం మాడ్చుకుంటడని దాన్ని గూడ నేనే జరిపిన. పైసల కోసమే అని అందరికి జెప్పుకున్న. అది సగం అబద్ధం. అసలుది భయం. నేను లేకుంట పదకొండేండ్లు నడిచిన ఇంట్లకు పోయి ఏడ కూసోవాలె, ఏం పని వట్టుకోవాలె? ఇక్కడనైతే కనీసం బండి నాది, స్టీరింగు నాది.

ఏడాది సంది ఆమె రమ్మనుడు బందువెట్టింది. అలవాటైంది, నిమ్మలంగున్నది అనుకున్న. గంత తెలివి నాది.

ఇగ మేడమ్ ముచ్చట. ఉమ్ ఘువైలినాల ఒక ఆంధ్ర కుటుంబం ఉంటది. సారుకు వెస్ట్ బేల ఆఫీసు. ఇంటికి ఏ చుట్టమొచ్చినా ఎడారి జూపెట్టేటందుకు తెలుగోడినని నన్నే పిలుస్తరు. మేడమ్ మాటకారి, మనసు మంచిది. డబ్బాల పులిహోర తెస్తె ముందు నాకు పెట్టినంకనే పిల్లలకు పెడ్తది. మొన్న నవంబర్ల ఒక శుక్రవారం, చలికాలం సెలవులకు ఇండియా వెళ్తున్నాం, పాపికొండలు ఎన్నోసార్లు చూశాం, జనం తక్కువుండే చోటు ఏదైనా ఉంటే చెప్పండి అన్నయ్యా అని అడిగింది. నా నోరు ఆగలే. మా గంగ ఒడ్డుకు పోండ్రి మేడమ్ అన్న. ఆమె జర సేపు నన్నే జూసి, మీది కాశీయా, మరి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చు అన్నది. సారు, నేను కడుపు వట్టుకోని నవ్వినం.

గంగంటె గోదారని సమజైనంక ఇగ దారి పొడుగుత నేను జెప్పుడే, ఆమె ఇనుడే. బండలు, కుర్రు, పిట్టలు, బాపు పడవ. పొద్దుగాల బండల మీద కూసోండ్రి, కాళ్ల కిందికెల్లి నీళ్లు పారుతయి, గదొక్కటి ఇడువకుండ్రి అని మల్ల మల్ల జెప్పిన. మా ఆమె నంబరు ఇచ్చిన. కని అది నా పెండ్లాం నంబరని జెప్పలే. తెలిసినోళ్లు అన్న. డ్రైవరు తన ఇంటికే గిరాకి తోలుకుంటున్నడు అనుకుంటరేమో అని ఒకటి. ఇంకోటి జెప్పాలంటె ఇప్పటికి సిగ్గైతది. ఈడ నేను ఆళ్లకు డోరు తీసెటోన్ని, ఆడ నా పెండ్లాం ఆళ్లకు పళ్లెం వెట్టేది. రెండు ఒక్కసారి ఆళ్లకు తెల్వద్దనిపించింది. మా ఆమెకు గూడ జెప్పిన, దోహకెల్లి వస్తున్నరు, నా ముచ్చట తియ్యకు, నేనెవలో ఎరుక లేనట్టే ఉండు అని. ఆమె మంచిది తియ్ అన్నది.

ఆళ్లు మా ఇంటికాడ ఉన్న రెండు రోజులు నేను దోహల ఉన్నట్టే లేను. బండి ఇసుకల నడుస్తున్నది, పానం రేవుల తిరుగుతున్నది. ఇప్పుడు ఆళ్లు రొట్టె తింటుండొచ్చు. ఇప్పుడు పడవ ఎక్కుతుండొచ్చు. నాలుగేండ్ల సంది నేను తాగని నీళ్లు, నేను తినని పులుసు, ఎవలో వచ్చి తిని పోతున్నరు. అండ్ల తప్పేమున్నది, అది ఆమె పనాయె. కని నాకు కుళ్లు పుట్టింది. ఉన్న మాట జెప్తున్న. వచ్చిన్రా అని ఫోన్ జేస్తె, వచ్చిన్రు, పోయిన్రు, మంచోళ్లు అన్నది మా ఆమె. ఇంకో మాట లేదు.

జనవరిల కంపెనీ కాగితం వచ్చింది. ఇంకో రెండేండ్లు ఉంటవా, పోతవా, వచ్చే ఆదివారం లోపల జెప్పు అని ఆఫీసుల మలయాళీ క్లర్కు చేతుల వెట్టిండు. ఉంటనంటె సంతకం, లేదంటె ఖాళీ కాగితం వాపస్. మడిచి అంగి జేబుల వెట్టుకున్న. ఎప్పటిలెక్కనే వెడ్త అనుకున్న.

ఆ శుక్రవారమే మేడమోళ్లు తమ చుట్టాలను తోలుకోని మల్ల బండెక్కిన్రు. ఎక్కుడుతోనే ముచ్చట వెట్టింది. మా గంగ అంత నిమ్మలం నీళ్లు తను ఏడ జూడలేదట. పిట్టలు గుంపులు గుంపులు దిగినయట. గూడెంల డోలు సప్పుడుకు సారు గూడ కాలు కదిపిండట. నా పానం లేసొచ్చింది. బండల మీద కూసున్నరా మేడమ్ అన్న. ఆమె నవ్వి, మీరు చెప్పిన బండలేవీ లేవక్కడ అన్నయ్యా అన్నది. ఈ నడుమ కింద గంగకు అడ్డం కట్ట కట్టినంక నీళ్లు ఎనుకకు తన్ని బండలన్ని మునిగిపోయినయి, ఇప్పుడు పడవ ఆ బండల మీదికెల్లే పోతది అని అక్కడామె జెప్పిందట.

నాకు ఎవ్వరు జెప్పలే. అంటె నేను అడుగలే. రోజు ఫోన్ జేస్త, బాత్రూముల ముచ్చట మాట్లాడుత, బండలు ఉన్నయా అని ఎవడడుగుతడు? బండలు యాడికి పోతయి?

ఇసుక మొదలైన కాడ బండి ఆపిన. నేను టైరు కాడ కూసోని గాలి ఇడుస్తున్న. మేడమ్ వచ్చి ఫోన్ల వీడియో జూపెట్టింది. పడవల మా ఆమె. నిలవడి తెడ్డు ఏస్తున్నది. చీర కొంగు నడుముకు చెక్కుకున్నది, చెవుల కాడ ఎంటికలు తెల్లగైనయి. రోజు ఫోన్ల మొఖమొక్కటే జూస్త, మనిషిని నిండ జూసి నాలుగేండ్లు. తెడ్డు ఏసే తీరు మా బాపు తీరే. ఎప్పుడు నేర్చిందో నాకెరుక లేదు. నా కండ్లు దాని మీదనే ఉన్నయి, మేడమ్ మాట పక్కకెల్లి వచ్చింది.

"పాపం అన్నయ్యా, ఆవిడ భర్త పోయారట. పదకొండేళ్ళయిందట. ఒక్కతే ఇంతా నడుపుకొస్తోంది."

మేడమ్ ఇంకా చెప్పుకుంటనే పోయింది. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు, కాలికి మెట్టెలు కూడా ఉన్నాయి, నాకదే నచ్చింది, ఎందుకు తియ్యాలి, ఎవరి కోసం తియ్యాలి అన్నది. సారు వచ్చి భుజం తట్టి, గాలి మొత్తం పోయింది చూసుకోండి అనేదాకా రిమ్ము ఇసుకకు ఆనిన సంగతి జూసుకోలే. ఇన్నేండ్లల అసొంటి తప్పు ఎన్నడు జెయ్యలే.

మల్ల గాలి కొట్టుకుంట ఆలోచించిన. మా దిక్కు పోయిండంటె ఊరికి వోయిండు, పనికి వోయిండు, దుబాయ్ వోయిండు. మా ఊరోళ్లకు ఖతర్ గూడ దుబాయే. ఆళ్ల దిక్కు మనిషి పోయాడంటె పైకి పోయినట్టు. గంగను కాశీకి తీస్కపోయినామె, నన్ను అంతకంటె దూరం తీస్కపోయింది, గంతే అనుకోని నాలోపల నేనే నవ్వుకున్న. కని దిబ్బ మీద బండి ఎక్కుతుంటె ఇంకోటి తట్టింది. మా ఊర్ల ఎవరైనా దుబాయ్ పోయిండు అంటరు. ఉత్త పోయిండని ఊకోరు. దుబాయ్ అన్న మాట మా ఆమె ఏడ ఇడిసిపెట్టింది?

తెల్లారి శనివారం, మధ్యాహ్నం ఆమె గిరాకి తిని పోయే యాళ్లకు ఫోన్ జేసిన. నవ్వుకుంటనే జెప్పిన. దోహ మేడమ్ నన్ను సంపేసిందే, నువ్వు పోయిండంటె సచ్చిపోయిండనుకున్నది అన్న. అటుదిక్కు నవ్వు రాలే.

"నాకెరుకనే," అన్నది. "గట్ల సమజైతదని ఎరుకుండే పోయిండని అన్న."

పోయినేడు బెజవాడ దిక్కుకెల్లి వచ్చిన ఒక పెద్దమ్మ ఇంటాయన ఏడమ్మా అని అడిగితె, పోయిండు అన్నదట, మామూలుగ. దుబాయ్ అని ఇంకా నోట్లెకెల్లి రాకముందే ఆ పెద్దమ్మ చెయ్యి వట్టుకోని ఏడ్సిందట. కాదు కాదు అని జెప్దామనుకున్నదట. ఇంతల ఆ పెద్దమ్మ కండ్లు తుడుసుకోని, పులుసు చాలా బాగుందమ్మా అని వేరే ముచ్చట తీసిందట. మా ఆమె గూడ ఊకున్నదట. ఆనాటి సంది ఆ దిక్కోళ్లు ఎవలొచ్చినా గదే మాట.

ఎందుకే అన్న.

"దుబాయ్ పోయిండంటె ఎప్పుడొస్తడు అంటరు. ఒక్కలు గాదు, వచ్చినోళ్లు అందరు. పులుసు వోస్తుంటె అడుగుతరు, పడవల అడుగుతరు. నేనేం జెప్పాలె? పోయిండంటె మల్ల అడుగరు." ఇంకో మాట గూడ అన్నది. "నువ్వే అంటివి గదా, ఎరుక లేనట్టే ఉండుమని. గట్లనే ఉన్న."

కోపం లేదు ఆ మాటల. ఉంటె మంచిగుండేది, నేను గూడ నాలుగు మాటలని తప్పించుకుందును. ఫోన్ వెట్టేసి బండిల కూసోని ఏడ్సిన. ఆమె రమ్మని అడుగుడు బందువెట్టింది నిమ్మలంగుండి గాదు, నేనొస్తనన్న ఆశ ఇడిసి, జనానికి జవాబు జెప్పలేక. నేను ఎడారిల జర్మనీ దొరలకు, అమెరికా దొరలకు సలాం కొట్టుకుంట తిరుగుతుంటె, నా రేవుల నా ముచ్చటే లేకుంట అయింది.

పొద్దుగూకక ముందే మేడమ్‌కు ఫోన్ జేసిన. రేవు కాడ మీకు అన్నం వెట్టినామె నా భార్య మేడమ్ అన్న. నేను బతికే ఉన్న, మా దిక్కు పోయిండంటె దుబాయ్ వోయిండని అన్న. ఆమె అయ్యో, ఎంత మాటన్నాను, క్షమించండి అన్నయ్యా అన్నది. మీ తప్పు లేదు మేడమ్ అని నేనే సముదాయించిన. ఆమె తేరుకోని, మనసు మంచిది కద, వెంటనే అడిగింది, మరి ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారు అని.

చూడాలె మేడమ్ అన్న. ఫోన్ వెట్టేసినంక ఆ మాట నాకే నచ్చలే. ఒక్కసారి అడిగిచ్చుకుంటెనే నేను గింత నీలుగుతున్న, ఆమె ఎన్నిసార్లు అడిగిచ్చుకోని ఉంటది?

ఆదివారం ఆఫీసు తెరిసీ తెరవకముందే పోయి కాగితం క్లర్కు ముందట వెట్టిన. ఆయన అలవాటు కొద్ది పెన్ను మూత తీసి ఇచ్చిండు. నహీ భాయ్, ఖలాస్ అన్న. ఏమైంది, ఇంటికాడ అంత మంచిదేనా అని హిందీల అడిగిండు. నా భార్య ఒక్కతే పడవ నడుపుతున్నది అన్న. ఆయనకేం సమజైందో, పెన్ను మూత వెట్టుకున్నడు.

బయట మెట్ల మీదికి వచ్చి ఆమెకు ఫోన్ జేసిన. సంతకం వెట్టలే, మార్చి ఆఖరుకు వస్తున్న, ఇగ తిరిగి వచ్చేది లేదు అన్న. ఆమె సరే అన్నది. నేనింకా ఏదో అంటదని చెవొగ్గిన. నీళ్ల సప్పుడు, పడవల ఎవలో పిల్లలు పిట్టను జూపెట్టి పిలుస్తున్న సప్పుడు ఇనవడ్డది. పడవల ఉన్నదన్నట్టు. ఇగనన్న వచ్చినోళ్లకు జెప్పవే, మా ఆయన ఉన్నడు, వస్తున్నడు అని, అన్న. బతిమిలాడినట్టే అన్న.

"నువ్వొచ్చి రేవుల దిగు," అన్నది. "గప్పుడు జెప్త."